గైడ్ డాగ్ కావాల్సిన కుక్కపిల్లను మొదటి ఏడాది ఇంట్లో ఎలా పెంచాలి?

"మా నాన్నగారికి చూపు బాగా తగ్గిపోయింది. లాబ్రడార్ పిల్లను కొన్నాం. దాన్ని గైడ్ డాగ్‌గా ఎలా తయారుచేయాలి?"

మాటలు మారతాయి గానీ, నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇదే. ఒకరికి నాన్న, ఒకరికి అక్క, ఒకావిడకైతే పదో తరగతి చదివే కొడుకు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే, తెలిసినదంతా ఒకచోట రాసిపెడదామని కూర్చున్నాను.

ముందు సూటి జవాబు. ఇంట్లో పెంచిన కుక్కకు మనమే హార్నెస్ (మనిషి పట్టుకోవడానికి పిడి ఉండే ఒంటి పట్టీ) తొడిగి, చూపులేని మనిషి చేతికిచ్చి రోడ్డు మీదకు పంపకూడదు. ఎంత తెలివైన కుక్కయినా సరే. బండి మీదకొస్తుంటే యజమాని "ఫార్వర్డ్" అన్నా కదలకుండా నిలబడిపోవాలి. తను దూరగలిగిన సందులో పక్కనున్న మనిషి పట్టడని తెలియాలి. తలకు తగిలేంత కిందికి వేలాడే కేబుల్ వైరు దగ్గర ఆగాలి. ఇవన్నీ అనుభవమున్న శిక్షకులు నెలల తరబడి నేర్పేవి. మొదటి ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం 1916లో జర్మనీలోని ఓల్డెన్‌బుర్గ్‌లో మొదటి గైడ్ డాగ్ స్కూల్ పెట్టారు. అప్పటి నుంచీ అది శిక్షకుల పనే.

కానీ ఆ శిక్షణకు ముందు ఒక ఏడాది ఉంటుంది. విదేశాల్లో పేరున్న చాలా స్కూళ్లు పిల్లను దాదాపు 8 వారాల వయసులో మామూలు కుటుంబాలకు ఇస్తాయి. 12 నుంచి 16 నెలలు వచ్చేదాకా అది ఆ ఇంట్లోనే పెరుగుతుంది. ఆ కుటుంబాలవాళ్లు శిక్షకులు కారు. టీచర్లు, రిటైరైనవాళ్లు, కాలేజీ పిల్లలు. ఆ ఏడాదిలో వాళ్లు చేసే పని మనమూ చేయగలం. మా బాబాయికి రెటినైటిస్ పిగ్మెంటోసా అనే వంశపారంపర్య కంటి జబ్బు వల్ల నలభై దాటేసరికి చూపు పోయింది. ఆయన కోసం హైదరాబాద్ తార్నాకలోని మా ఫ్లాట్‌లో మల్లి అనే లాబ్రడార్‌ను అలాగే పెంచాను. అందులో ఏం పనిచేసిందో, నేను ఎక్కడ తప్పు చేశానో రెండూ చెబుతాను.

కుక్కపిల్ల కంటే ముందు

చూపులేని ఆ మనిషికి తెల్లకర్రతో నడవడం వచ్చా? రాకపోతే పిల్లను కొనకండి, ముందు అది నేర్పించండి. చాలామంది అనుకున్నట్టు కుక్కకు దారి తెలియదు. దారి మనిషికే తెలియాలి. "ఇక్కడ కుడికి, రెండు సందులు దాటాక ఎడమకు" అని చెప్పేది మనిషి, మధ్యలో అడ్డాలు తప్పించేది కుక్క. సిగ్నల్ లైటు చూసి రోడ్డు దాటించడం కూడా కుక్క పని కాదు. దానికి ఎరుపూ ఆకుపచ్చా మనకులా వేరువేరుగా కనిపించవు. బండ్ల చప్పుడు విని ఎప్పుడు దాటాలో మనిషే నిర్ణయించుకోవాలి. బంజారాహిల్స్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో చూపు తగ్గినవాళ్ల కోసం పునరావాస విభాగం ఉంది. మొదట అక్కడ అడగండి.

రెండో మాట ఆ మనిషినే అడగాలి: మీకు కుక్క ఇష్టమేనా? ఈ ప్రశ్న అడగడం మరిచిపోయి, పిల్లను తెచ్చేశాక బాధపడ్డ ఇళ్లు నాకు తెలుసు.

కావాల్సినవి

- మామూలు బెల్టు కాలర్, ఆరడుగుల లీష్ (చేత్తో పట్టుకునే పట్టీ). ఇనుప గొలుసు వద్దు. లాగితే సాగే లీష్ అసలే వద్దు, అది లాగడమే నేర్పుతుంది.
- నడుముకు కట్టుకునే చిన్న సంచి. రోజు తిండిగా పెట్టే డాగ్ ఫుడ్ గింజల్లో సగం అందులో పోసుకోండి. ట్రీట్లు విడిగా కొనక్కర్లేదు.
- పడుకోవడానికి ఒక క్రేట్ (తలుపున్న బోను లాంటి పెట్టె). లేకపోతే ఎవరూ తొక్కని మూలలో చాప.
- టీకాల పుస్తకం, మీ నగరపాలక సంస్థ (మాకు జీహెచ్ఎంసీ) ఇచ్చే పెట్ లైసెన్సు. రేబిస్ టీకా పడగానే లైసెన్సు పని పూర్తిచేయండి.
- ఇంట్లో ఒకరి సమయం, రోజుకు రెండు గంటలు. ఒకేసారి కాదు, పది పది నిమిషాలుగా. ఇది లేకపోతే మిగతావన్నీ దండగ.
- అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌తో ముందే ఒక మాట. పెంపుడు కుక్కలను పూర్తిగా నిషేధించే హక్కు అసోసియేషన్లకు లేదని జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాల్లో ఉంది. అయినా ఆ కాగితం చూపించి గొడవపడేకంటే, ఎందుకు పెంచుతున్నామో చెబితే పని సులువవుతుంది. మా వాచ్‌మన్, ఆయన భార్య మల్లికి మొదటి స్నేహితులయ్యారు.

1. పిల్లను ఎంచుకోండి

గైడ్ డాగ్ పనికి ఎక్కువగా వాడేవి లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, ఈ రెండింటి సంకరం. జర్మన్ షెపర్డ్‌లనూ వాడతారు. రంగు చూడకండి, తల్లిని చూడండి. కొత్తవాళ్లు రాగానే తల్లి మొరిగి మీదకొస్తుంటే ఆ ఇంటి పిల్ల వద్దు. తల్లి, తండ్రి తుంటి కీళ్లకు ఎక్స్‌రే తీయించారా అని అడగండి. ఈ జాతుల్లో తుంటి కీలు జబ్బు వంశపారంపర్యంగా వస్తుంది.

తర్వాత తాళాల గుత్తి పరీక్ష. పిల్లకు నాలుగడుగుల దూరంలో గుత్తిని నేల మీద పడేయండి. ఉలిక్కిపడటం తప్పు కాదు. ఉలిక్కిపడి, కాసేపటికి తనంతట తాను వచ్చి గుత్తిని వాసన చూసే పిల్ల మంచిది. మూలకు పోయి బయటకు రానిదీ, గుత్తిని నోట కరుచుకుని ఎవరికీ ఇవ్వనిదీ ఈ పనికి కష్టం.

"మన వీధి కుక్కపిల్ల పనికి రాదా?" అని అడుగుతారు. ఇంట్లో తోడుగా అయితే నిక్షేపంలా ఉంటుంది, మన ఎండను కూడా బాగా తట్టుకుంటుంది. గైడ్ పనికి మాత్రం తరతరాలుగా నెమ్మదితనం కోసమే ఎంచి పెంచిన జాతులను వాడతారు.

2. మాటలు ఖాయం చేసుకోండి

పిల్ల ఇంటికి రాకముందే ఇంటిల్లిపాదీ కూర్చుని చేయాల్సిన పని ఇది. హైదరాబాద్ ఇళ్లలో అమ్మ "కూర్చో" అంటుంది, నాన్న "సిట్" అంటాడు, కింది ఫ్లాట్ పిల్లలు "బైఠ్" అంటారు. ఆ పిల్లకు మూడూ మూడు వేర్వేరు చప్పుళ్లు. ఒక పనికి ఒకే మాట అనుకుని, కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి.

ఇంకో చిక్కుంది, నాకు ఆలస్యంగా తెలిసింది. "రా" అని పిలవడం నేర్పాను. మన ఇళ్లలో "తిన్నావారా", "ఎక్కడికిరా", "ఇటివ్వరా" అని రోజుకు వందసార్లు "రా" వినిపిస్తుంది. మల్లి మొదట్లో ప్రతిసారీ పరుగెత్తుకొచ్చేది. వారం తిరిగేసరికి ఆ మాట వినడమే మానేసింది. "వద్దు" కూడా అంతే. అందుకే మనం మామూలు మాటల్లో వాడనివి ఎంచుకోండి. కమ్, సిట్, డౌన్, లీవ్ అనేవి సరిపోతాయి. రేపు శిక్షకుడి చేతికి వెళ్లినా అవే పనికొస్తాయి.

సరిగ్గా చేసిన క్షణాన చెప్పడానికి ఒక మాట కావాలి. మేము "యస్" అనేవాళ్లం. యస్ అన్న వెంటనే గింజ అందాలి. ఆలస్యమైతే దేనికిచ్చారో దానికి తెలియదు.

3. ఒంటికీ రెంటికీ మాట మీద వెళ్లడం

మామూలు పెంపుడు కుక్కకూ, గైడ్ డాగ్ కావాల్సిన పిల్లకూ మొదటి తేడా ఇక్కడే మొదలవుతుంది. చూపులేని మనిషి కుక్క ఎక్కడ కూర్చుందో తెలుసుకుని శుభ్రం చేయాలి. బస్సు ఎక్కే ముందు, ఆఫీసులోకి వెళ్లే ముందు దాన్ని వెళ్లించుకోవాలి. అందుకే లీష్ మీద ఉండగా, ఒకే చోట, మాట చెబితే వెళ్లడం అలవాటు కావాలి.

నిద్ర లేవగానే, తిన్న పావుగంటకు, ఆట అయిపోగానే లీష్ కట్టి ఆ చోటికి తీసుకెళ్లండి. కదలకుండా నిలబడండి. పిల్ల గుండ్రంగా తిరిగి కూర్చోబోతున్నప్పుడు నెమ్మదిగా "బిజీ, బిజీ" అనండి. అవగానే యస్, గింజ. ఐదు నిమిషాల్లో కాకపోతే ఇంట్లోకి తెచ్చి, కళ్లముందే ఉంచుకుని, పావుగంటకు మళ్లీ తీసుకెళ్లండి. నెలల వయసుకు ఒకటి కలిపితే ఎన్నో, అన్ని గంటలకు మించి ఆపుకోమని అడగకూడదు. రెండు నెలల పిల్లకు మూడు గంటలన్నమాట, రాత్రిపూట కూడా.

గడ్డి మీదే అలవాటు చేయకండి. మన ఊళ్లో గడ్డి ఎక్కడ దొరుకుతుంది? సిమెంటు మీద, మట్టి మీద, కంకర మీద మార్చి మార్చి తీసుకెళ్లండి.

ఇంట్లో పోస్తే ముక్కు పట్టి అందులో రుద్దడం, కొట్టడం చేయకండి. అలా చేస్తే మీ ముందు వెళ్లడానికే భయపడి సోఫా వెనక్కి పోతుంది. మనిషి పక్కనుండగా వెళ్లని కుక్క చూపులేని మనిషికి ఎందుకూ పనికిరాదు.

సరిచూసుకోవడం ఇలా: నాలుగో నెలలో, మీరు కాక ఇంట్లో ఇంకొకరు, కొత్త చోట "బిజీ" అంటే రెండు నిమిషాల్లో వెళ్తోందా? వెళ్తే వచ్చినట్టే.

4. చేతుల్లో పెట్టుకుని ఊరు చూపండి

మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా కుక్కపిల్ల మనసు తెరిచి ఉంటుంది. అప్పుడు చూసినవి జీవితాంతం మామూలుగా అనిపిస్తాయి. సరిగ్గా ఆ సమయంలోనే టీకాలు పూర్తికావు, పార్వో అనే ప్రాణాంతక వైరస్ భయం ఉంటుంది. అందుకే నేల మీద దింపకుండా చంకలోనో, భుజానికి వేసుకునే సంచిలోనో పెట్టుకుని తిప్పండి. రోజుకు పావుగంట చాలు.

మేము చూపించినవి: తార్నాక మెట్రో స్తంభాల కింద నిలబడితే నెత్తిమీద పోయే రైలు చప్పుడు, ప్రెషర్ కుక్కర్ విజిల్, చెత్త ఆటో పాట, వెల్డింగ్ షాపు మెరుపులు, బురఖాలో వచ్చేవాళ్లు, హెల్మెట్ పెట్టుకున్న డెలివరీ అబ్బాయి, గొడుగు, చక్రాల కుర్చీ, చేతికర్రతో నడిచే తాతగారు. రోజుకో కొత్తది చూపించి నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

పిల్ల భయపడుతోందా లేదా అని తెలుసుకోవడానికి మంచి గుర్తు గింజ. తింటుంటే బాగానే ఉంది. నోటి దగ్గర పెట్టినా తినకపోతే ఎక్కువైపోయింది, పది అడుగులు వెనక్కి రండి. తోక కాళ్ల మధ్యకు పోయినా అంతే. అలవాటు కావాలి కదా అని బలవంతంగా దగ్గరికి తోయకండి.

బోనాల డప్పులు, దీపావళి టపాకాయలు ఫోన్‌లో రికార్డు పెట్టి, తిండి తినేటప్పుడు చాలా చిన్న సౌండ్‌తో వినిపించండి. రోజుకు కొంచెం పెంచండి. నిమజ్జనం ఊరేగింపులోకి, డీజే ముందుకు మాత్రం మొదటి ఏడాది తీసుకెళ్లకండి. ఒక్క రాత్రి నెలల కష్టాన్ని తుడిచేస్తుంది.

5. "లీవ్": నేల మీది తిండిని వదిలేయడం

ఈ ఊళ్లో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించే పాఠం ఇది. బిర్యానీ హోటల్ ముందు ఎముకలు, చికెన్ షాపు దగ్గర వ్యర్థాలు, పానీపూరి బండి చుట్టూ పడ్డ ముక్కలు, గోడవారగా ఎవరో పెట్టిన పెరుగన్నం, వంద అడుగుల్లో ఇన్ని ఉంటాయి. ఒక్క ఎముక కోసం కుక్క పక్కకు లాగితే, దాన్ని పట్టుకున్న మనిషి మ్యాన్‌హోల్‌లో కాలు వేయవచ్చు. పైగా ఉడికిన ఎముక పెళుసుగా విరిగి పేగులో గుచ్చుకుంటుంది.

గింజను గుప్పిట్లో మూసి పిల్ల ముక్కు దగ్గర పెట్టండి. నాకుతుంది, కాలితో గీరుతుంది, పళ్లతో పట్టుకుంటుంది. మీరు ఏమీ అనకండి, చేయి కదపకండి. ఎప్పుడో ఒక క్షణం విసిగి ముక్కు వెనక్కి తీస్తుంది. ఆ క్షణమే యస్. గింజ రెండో చేతి నుంచి ఇవ్వండి. గుప్పిట్లోది ఎప్పటికీ ఇవ్వకూడదు. వదిలేసింది ఎన్నటికీ దొరకదనీ, వదిలేస్తే ఇంకోటి దొరుకుతుందనీ దానికి అర్థం కావాలి.

నాలుగైదు రోజులకు గుప్పిట చూడగానే ముక్కు తిప్పుకుంటుంది. అప్పుడు "లీవ్" అనే మాట కలపండి. తర్వాత తెరిచిన అరచేయి. తర్వాత నేల మీద గింజ, మీదకొస్తే కాలితో కప్పేయండి. ఆపైన ఇంట్లో లీష్ కట్టి గింజ పక్కనుంచి నడక, ఆపైన సెల్లార్‌లో, చివరికి వీధిలో. ఒక్కో మెట్టు దగ్గర పదిసార్లలో ఎనిమిదిసార్లు సరిగ్గా చేస్తేనే పై మెట్టు. ఆరుసార్లే చేస్తే కింది మెట్టుకు దిగండి. దాదాపు అందరూ ఇక్కడే తొందరపడతారు. ఇంట్లో వచ్చేసింది కదా అని నేరుగా హోటల్ ముందుకు తీసుకెళ్తారు, అక్కడ అది ఎముక పట్టేస్తుంది, "దీనికి బుద్ధి లేదు" అంటారు.

ఇంట్లోవాళ్లు డైనింగ్ టేబుల్ దగ్గర చేతి ముద్ద పెట్టడం ఆపాలి. మా ఇంట్లో అదే పెద్ద యుద్ధం. మా అమ్మ మనసు ఆగేది కాదు. చివరికి ఆమె ముద్దను మల్లి గిన్నెలో వేసి, దాని చోట పెట్టి, సిట్ అని కూర్చోబెట్టి, ఆ తర్వాత తినమనేలా ఒప్పందం కుదిరింది. ఉల్లిపాయ, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ మాత్రం ఒప్పందాల్లో కూడా లేవు, అవి కుక్కకు విషం. డబుల్ కా మీఠాలో ఏరిన కిస్‌మిస్ కూడా.

6. నడక, అంచుల దగ్గర ఆగడం

ఎప్పుడూ మీ ఎడమ పక్కనే నడిపించండి. గైడ్ డాగ్ హార్నెస్ పిడి మామూలుగా ఎడమ చేతిలో ఉంటుంది. లీష్ వదులుగా ఉండాలి. లాగితే ఆగిపోండి, లీష్ వదులైతే కదలండి.

ఒక హెచ్చరిక. మామూలు డాగ్ ట్రైనర్లు కొందరు కుక్కను కాలికి అంటుకుని, తలెత్తి మన ముఖమే చూస్తూ నడిచేలా నేర్పుతారు. చూడటానికి బాగుంటుంది. ఈ పిల్లకు మాత్రం అది వద్దు. గైడ్ డాగ్ అర అడుగు ముందుండి, రోడ్డును చూస్తూ నడవాలి.

ఫుట్‌పాత్ అంచు, మెట్టు, గేటు గడప, లిఫ్ట్ తలుపు వచ్చిన ప్రతిసారీ మీరు ఆగండి. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టి, "ఫార్వర్డ్" అని కదలండి. పిల్లకు ఏమీ నేర్పినట్టు అనిపించదు. ఐదారు నెలలయ్యేసరికి మీకంటే ముందే ఆగుతుంది. మన ఫుట్‌పాత్‌లు కొన్నిచోట్ల అడుగు ఎత్తుంటాయి, కొన్నిచోట్ల ఉన్నట్టుండి మాయమవుతాయి. బైకులు అడ్డంగా ఉంటే పక్కనుంచి దిగాల్సి వస్తుంది. దిగే ముందు ఆ ఆగడం తప్పనిసరి.

డ్రైనేజీ ఇనుప జాలీల మీద నడవడానికి పిల్లలు భయపడతాయి. జాలీ మీద గింజ పెట్టి ఒక కాలితో మొదలుపెట్టండి. మెట్ల మీద పరుగులు వద్దు, కీళ్లు ముదిరేదాకా నెమ్మదిగా నడిపించండి. ఎస్కలేటర్ ఎక్కించకండి, గోళ్లు ఇరుక్కుంటాయి. లిఫ్ట్ వాడండి.

ఎంత దూరం? నెలకు ఐదు నిమిషాల లెక్క. నాలుగు నెలల పిల్లకు ఒక నడక 20 నిమిషాలు, అలా రోజుకు రెండు.

7. ఏమీ చేయకుండా పడుకోవడం

పని చేసే గైడ్ డాగ్ రోజులో ఎక్కువసేపు బల్ల కింద, కుర్చీ పక్కన, మనిషి కాళ్ల దగ్గర పడుకునే ఉంటుంది. మీరు టీవీ చూసేటప్పుడు లీష్ మీ కాలి కింద పెట్టి కూర్చోండి. పిల్ల లేస్తుంది, అరుస్తుంది, లీష్ కొరుకుతుంది. పట్టించుకోకండి. పడుకుని ఊపిరి వదలగానే మెల్లగా గింజ ముందు పెట్టండి. రెండు నిమిషాలతో మొదలుపెట్టి గంటదాకా పెంచండి. తర్వాత స్నేహితుల ఇల్లు, ఆటో, ముందే అడిగి ఒప్పుకున్న చాయ్ హోటల్ బయటి బెంచీ. ఆటోలో కాళ్ల దగ్గరే, సీటు మీద కాదు.

వచ్చినవాళ్లంతా ముద్దు చేస్తామంటారు. నాలుగు కాళ్లూ నేల మీద ఉంటేనే ముట్టుకోనివ్వండి. మీదకు ఎగిరితే అందరూ అటు తిరగాలి.

8. వీధి కుక్కలు

నేను ఓడిపోయింది ఇక్కడే. మల్లికి ఐదో నెల. పొద్దున పాల బూత్ దగ్గర మలుపులో రెండు కుక్కలు ఎదురొచ్చాయి. నేను లీష్‌ను బిగించి లాగాను, గట్టిగా అరిచాను. అది పారిపోలేక, తిరగలేక ఇరుక్కుపోయింది. చెవి మీద చిన్న గాటు, అంతే. రేబిస్ టీకా ముందే పడినా అదే రోజు డాక్టర్‌కు చూపించాం. గాయం పది రోజుల్లో మానింది. కానీ ఆ మలుపు దగ్గర మల్లి ఇప్పటికీ బిగుసుకుపోతుంది.

మీరు ఇలా చేయండి. మొదట పిల్ల లేకుండా మీరొక్కరే వారం రోజులు ఆ దారిన నడిచి, ఏ మలుపు ఏ గుంపుదో తెలుసుకోండి. వాటికి తిండి పెట్టేవాళ్లుంటే పరిచయం చేసుకోండి, ఏది నెమ్మదైనదో, ఏది మీదకొస్తుందో వాళ్లకే తెలుస్తుంది. చెవికి గాటు పెట్టినట్టున్న కుక్కలు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయినవి. ఎదురుపడితే లీష్‌ను వదులుగా ఉంచి, మీరు మధ్యలోకి వచ్చి, విల్లులా వంపు తిరిగి పక్కకు నడవండి. పరుగెత్తకండి. చేతిలో గొడుగు ఉంచుకోండి, మీదకొస్తే ఠక్కున తెరవండి. చాలావరకు ఆగిపోతాయి. గింజలు గుప్పెడు వాటి వైపు విసిరినా దారి దొరుకుతుంది.

కుక్కలు తక్కువగా ఉండే చోట మొదలుపెట్టాలంటే మీ సెల్లార్, గేటెడ్ కాలనీలో చుట్టాల ఇల్లు, లేదా కొండాపూర్‌లోని డాగ్ పార్క్.

9. ఎండ, పిడుదులు

ఏప్రిల్, మే నెలల్లో అరచేతి వెనుక భాగాన్ని తారు రోడ్డు మీద ఏడు సెకన్లు పెట్టండి. మీరు పెట్టలేకపోతే దాని పాదాలూ కాలతాయి. సాయంత్రం ఏడైనా తారు వేడి దిగదు. పొద్దున ఆరు లోపలే నడక ముగించండి. వానాకాలంలో రోజూ చెవుల లోపల, వేళ్ల సందుల్లో పిడుదులు చూడండి. తిండి మానేసి, జ్వరం వచ్చి, చిగుళ్లు తెల్లబడితే పొద్దున చూద్దాంలే అనుకోకండి. పిడుదు జ్వరం ప్రాణం మీదకు తెస్తుంది.

నెలనెలా సరిచూసుకోవడం

నెలాఖరున ఒక ఆదివారం, ఫోన్ కెమెరా పెట్టి ఈ ఐదు పరీక్షలు చేయండి. మీరు కాక ఇంట్లో ఇంకొకరు లీష్ పట్టుకోవాలి. మీ మాటే వినే కుక్క రేపు ఇంకొకరి చేతిలో పనికిరాదు.

- వంటింట్లో స్టీల్ పళ్లెం పడేస్తే, పది సెకన్లలో మామూలుగా అవుతోందా?
- నేల మీద చపాతీ ముక్క పక్కనుంచి లీష్ వదులుగా ఉండగానే దాటుతోందా?
- బెల్ మోగి చుట్టాలు వస్తే నాలుగు కాళ్లూ నేల మీదే ఉన్నాయా?
- అరగంట బల్ల కింద పడుకుంటోందా?
- ఐదు అంచుల్లో నాలుగింటి దగ్గర తనంతట ఆగుతోందా?

ఆరు నుంచి తొమ్మిది నెలల మధ్య వచ్చినవన్నీ మరిచిపోయినట్టు ప్రవర్తిస్తుంది. అది యవ్వనం. కంగారుపడి కొట్టడం మొదలుపెట్టకండి. రెండు మెట్లు కిందికి దిగి మళ్లీ చేయించండి.

ఏడాది తర్వాత

ఎక్స్‌రేలో కీళ్లు బాగుండి, ఈ పరీక్షలు నిలకడగా దాటుతుంటే అప్పుడు గైడ్ డాగ్ శిక్షకుడి దగ్గరికి. ఈ శిక్షణ ఇచ్చేవాళ్లు మన దేశంలో చాలా అరుదు. కాబట్టి పిల్లను కొనకముందే ఎవరి దగ్గరికి పంపగలరో మాట్లాడుకోండి. మామూలు కాపలా శిక్షణ ఇచ్చేవాళ్లు "గైడ్ డాగ్ కూడా చేస్తాం" అంటే ఈ ప్రశ్నలు అడగండి: మీరు తయారుచేసిన కుక్కతో ఇప్పుడు రోడ్డు మీద నడుస్తున్న చూపులేని మనిషితో నన్ను మాట్లాడనిస్తారా? మీరే కళ్లకు గంతలు కట్టుకుని దానితో నడిచి చూపిస్తారా? మా నాన్నగారికి మా వీధిలోనే వారాల పాటు కలిపి శిక్షణ ఇస్తారా? అప్పగించాక మళ్లీ వచ్చి చూస్తారా? ఒక్కదానికి తడబడినా, మెడకు ముళ్ల కాలర్ కనిపించినా, వెనక్కి వచ్చేయండి. మంచి స్కూళ్లలో ఈ శిక్షణ నాలుగైదు నెలలు, తర్వాత మనిషీ కుక్కా కలిసి రెండు నుంచి నాలుగు వారాలు నేర్చుకుంటారు. ఆపైన కుక్కకు ఎనిమిది, పదేళ్ల వయసు వచ్చేదాకా పని. ఆన్‌లైన్‌లో దొరికే "సర్వీస్ డాగ్" జాకెట్ కొని శిక్షణ లేని కుక్కకు తొడగకండి. అది కరిచినా, అరిచినా, రేపు నిజమైన గైడ్ డాగ్‌తో వచ్చే మనిషిని గేటు దగ్గరే ఆపేస్తారు.

పెద్ద స్కూళ్లలో కూడా పెంచిన పిల్లలన్నీ గైడ్ డాగ్‌లు కావు. మల్లి కాలేదు. చూసిన శిక్షకుడు కుక్కలు ఎదురైతే బిగుసుకుపోతోంది, రోడ్డు పనికి వద్దన్నాడు. ఆ రోజు నేను చాలా ఏడ్చాను. బాబాయి మాత్రం "నాకు దారి కర్ర చూపిస్తుందిలే, ఇది నా దగ్గరే ఉండనీ" అన్నారు. ఇప్పుడు పొద్దున్నే ఉస్మానియా క్యాంపస్‌లో ఆయన కుడి చేతిలో కర్ర, ఎడమ పక్కన మల్లి, వెనక నేను. లీవ్, బిజీ, ఆగడం, కాళ్ల దగ్గర పడుకోవడం, ఇవన్నీ ఆయనకు రోజూ అక్కరకొస్తున్నాయి.

మీ పిల్ల కూడా అలా ఇంట్లోనే ఉండిపోతే ఒక్క పని చేయండి. కాలర్‌కు రెండు చిన్న గజ్జెలు కుట్టండి. అది ఎక్కడుందో ఇంట్లో చూపులేని మనిషికి తెలుస్తుంది, పొరపాటున తొక్కరు. మల్లి సోఫా పక్కనుంచి లేస్తే చాలు, బాబాయి పేపర్ చదివించుకోవడం ఆపి, "నీళ్లు అయిపోయినట్టున్నాయి, చూడమ్మా" అంటారు. గిన్నె వైపు నడిచే గజ్జెల చప్పుడు వేరుగా ఉంటుందట. రాత్రి పడుకోబోయే ముందు గజ్జెల కాలర్ తీసి, దాని చాప పక్కనే, రోజూ ఒకే మేకుకు తగిలించండి. పొద్దున వెతుక్కోకుండా ఆయనే తీసి కట్టగలగాలి.